నెలలు నిండిన ఇంటికి ఒక మాట
(రేడియో ప్రసంగ పాఠము)

మీ ఇంట్లో నెలలు నిండుతున్న కుమార్తె గాని, కోడలు గాని ఉన్నారా? అయితే ఈ నాలుగు మాటలు ప్రత్యేకంగా మీ కొరకే.

2004 ఏప్రిల్ 19న మైక్ ఫింక్ అనే అమెరికా వ్యోమగామి కజకిస్తాన్‌లోని బైకనూర్ నుండి అంతరిక్ష కేంద్రానికి బయలుదేరాడు. ఆయన భార్య మన అస్సాం కుటుంబపు ఆడపడుచు. అప్పటికి ఆమె గర్భవతి. జూన్ 18న హ్యూస్టన్‌లో ఆడబిడ్డ పుట్టింది. తండ్రి మాత్రం ఆకాశంలోనే ఉన్నాడు. అక్టోబర్ 24న ఆయన భూమి మీద దిగేనాటికి ఆ బిడ్డకు నాలుగు నెలలు దాటాయి.

మరొకరు రాండీ బ్రెస్నిక్. ఈయన 2009 నవంబర్ 16న అట్లాంటిస్ షటిల్‌లో వెళ్లాడు. 21న నౌక వెలుపలికి వచ్చి శూన్యంలో పని చేశాడు. ఆ రాత్రే ఇక్కడ ఆయనకు కుమార్తె పుట్టింది. ఆయన తిరిగి వచ్చింది 27న.

ప్రియులారా, వీరికి లెక్కలు రాక ఇలా జరిగిందా? కాదు. అంతరిక్ష కేంద్రం తిరిగే దారి ప్రయోగస్థలం మీదికి వచ్చే సమయానికే షటిల్ లేవాల్సి ఉండేది. ఆ అవకాశం రోజుకు సుమారు పది నిమిషాలే ఉండేది. అంత సూక్ష్మంగా లెక్క కట్టగలవారికి సహా బిడ్డ పుట్టే రోజు అందలేదు.

ఎందుకో గమనించండి. చివరి బహిష్టు మొదటి రోజు నుండి 280 రోజులు లెక్కించి డాక్టరమ్మ చీటీ మీద ఒక తేదీ వేస్తారు. సరిగ్గా ఆ తేదీకే పుట్టే బిడ్డలు నూటికి అయిదుగురు మాత్రమే. 37వ వారం నిండిన తరువాత ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. ఆ తేదీ ఒక అంచనా, అంతే.

నేనెరిగిన ఒక సహోదరుడు కువైట్‌లో డ్రైవరు. చీటీలో వేసిన తేదీకి రెండు రోజుల ముందు దిగేలా టికెట్ కొన్నాడు. బిడ్డ పన్నెండు రోజులు ముందే వచ్చింది. అర్ధరాత్రి ఇంట్లో అత్తగారు ఒక్కరే. తల్లీబిడ్డలు క్షేమంగానే బయటపడ్డారు. తరువాత నేను చూడబోతే ఆ చెల్లెలు ఏమన్నదో తెలుసా? "ఆయన రాలేదని కాదు అయ్యగారూ, ఆయన లేకపోతే ఎవరిని పిలవాలో మేము ముందుగా అనుకోలేదు" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు విడిచిపెట్టలేదు. మనం తేదీ కొరకు సిద్ధపడ్డాము గాని, మనిషి కొరకు సిద్ధపడలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఎనిమిదో నెల దాటకముందే కూర్చుని మాట్లాడుకోండి. రాత్రివేళ వెంట వెళ్లేది ఎవరు? ఏ ఆసుపత్రికి? అవసరమైతే రక్తం ఇచ్చేది ఎవరు? చీటీలు, బట్టలు ఒక సంచిలో సర్ది ఉంచండి. 108కి ఫోను చేయడం ఇంట్లో పిల్లలకు సహా నేర్పండి. ఇరుగుపొరుగువారలారా, ఆమె భర్త దూరాన ఉన్నాడని మీకు తెలుసు. పిలిచేదాకా ఆగకుండా మీరే వెళ్లి, "నేనున్నానమ్మా" అని చెప్పండి.

దూరాన ఉన్న తండ్రీ, రాలేకపోయినందుకు నీవు చెడ్డవాడివి కావు. కాని నీ స్థానంలో ఎవరు నిలబడతారో ఈ రోజే ఫోను చేసి అడుగు. తేదీ మన చేతిలో లేదు, తోడు మాత్రం మన చేతిలోనే ఉంది. సెలవు.