అంజలి వాళ్ల అన్న గురించి మాట్లాడుకుందాం

దసరా సెలవులు కదా, మీలో చాలామంది ఇంట్లోనే ఉండి ఇది ఫోన్‌లో చూస్తుంటారు. అందుకే ఇవాళ ఒక సెలవుల సినిమా తీసుకున్నా.

మా చిన్నప్పుడు హనుమకొండలో బతుకమ్మ సెలవులంటే మేనత్త పిల్లలు, చిన్నమ్మ పిల్లలు అందరం ఒకే ఇంట్లో. పొద్దున గల్లీలో క్రికెట్, ఎండ ముదిరితే టీవీ. ‘హోమ్ అలోన్’ వస్తే అది, ‘అంజలి’ వస్తే అది. రెండూ 1990లో వచ్చిన సినిమాలే. మొదటిది చూసి పడీపడీ నవ్వేవాళ్లం. రెండోదానికి మా చిన్నమ్మ కొంగు తడిసిపోయేది. అంజలి పాప కోసం ఇంటిల్లిపాదీ ఏడ్చాం. వాళ్ల అన్న అర్జున్ మీద మాత్రం నాకు మస్తు కోపం. సొంత చెల్లిని అట్ల దూరం పెడతాడా, వీడికి మనసే లేదు అనుకున్నా.

మొన్న మళ్లీ చూశా. ఈసారి ఆ పిల్లాడి మీద కోపం రాలేదు. పాపం అనిపించింది.

సినిమా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ‘అంజలి’ మణిరత్నం తీసిన తమిళ సినిమా, మనం చూసింది తెలుగు డబ్బింగ్. నాన్నగా రఘువరన్, అమ్మగా రేవతి, అంజలిగా బేబీ షామిలి. అర్జున్‌గా చేసింది ఎవరో తెలుసా? మన తరుణే, ‘నువ్వే కావాలి’ తరుణ్. అప్పటికి ఏడేళ్లు. షామిలికి, తరుణ్‌కి, అను అనే అక్కచెల్లి పాత్ర చేసిన శ్రుతికి ముగ్గురికీ కలిపి ఉత్తమ బాలనటుల జాతీయ అవార్డు ఇచ్చారు. ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపిన సినిమా కూడా ఇదే.

ఇంకో ముచ్చట. తరుణ్ వాళ్ల అమ్మ రోజారమణి. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడు ఆవిడే. కన్నతండ్రికే అర్థంకాని పిల్లాడి పాత్ర అమ్మది. చూసే మనకే అర్థంకాని పిల్లాడి పాత్ర కొడుకుది.

ఇప్పుడు కథని అర్జున్ వైపు నుంచి చూద్దాం. అమ్మ కడుపుతో ఉంది. ఇంటికి బుజ్జి పాపో బాబో వస్తారని పిల్లలిద్దరూ ఎదురుచూస్తున్నారు. పుట్టిన బిడ్డ చనిపోయిందని చెప్పారు. అమ్మ ఏడ్చింది, ఇల్లంతా ఏడ్చింది. రెండేళ్లు గడిచాయి. కొత్త కాలనీ, కొత్త ఫ్రెండ్స్. ఇంతలో నాన్న ఇంకో ఆవిడతో ఉండగా కంటపడ్డాడు. ఇంట్లో గొడవ. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది: చెల్లి బతికే ఉంది. మానసిక ఎదుగుదల లేని బిడ్డ, ఎక్కువ కాలం బతకదని డాక్టర్లు చెప్పడంతో, అమ్మ తట్టుకోలేదని నాన్నే దాచాడు.

మర్నాడో ఎల్లుండో ఆ పాప ఇంటికొచ్చింది. "ఇదిగో మీ చెల్లి, ప్రేమించండి" అన్నారు.

ఏడేళ్లోడు ఎట్ల ప్రేమిస్తాడు చెప్పండి? వాడికి అబద్ధం చెప్పింది నాన్న. అమ్మ ధ్యాస మొత్తం కొత్త పాప మీదకి పోయింది. బయట కాలనీ పిల్లల ఎగతాళి పడేది మాత్రం వీడు. పెద్దవాళ్లు దాచినదాని బిల్లు పిల్లాడి చేతిలో పెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. స్క్రీన్ మీద ఎర్రర్ ఒక లైన్‌లో కనిపిస్తుంది, అసలు తప్పు ఎక్కడో పైన వేరే ఫైల్‌లో ఉంటుంది. కనిపించిన లైన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అర్జున్ ఆ ఎర్రర్ కనిపించిన లైన్.

‘హోమ్ అలోన్’లో కెవిన్‌ని కూడా ఇంట్లోవాళ్లు తలనొప్పిగానే చూస్తారు. కానీ ఆ సినిమా మొత్తం వాడి వైపే ఉంటుంది కాబట్టి మనకి వాడు ముద్దొస్తాడు. అర్జున్ పక్కన అంజలి ఉంది. అంత అమాయకమైన మొహం పక్కన నిలబడితే ఏ పిల్లాడైనా చెడ్డోడిలాగే కనిపిస్తాడు.

ఇది ఎందుకింత పట్టించుకుంటున్నా అంటే, నాకు తెలిసిన ఒక అర్జున్ ఉన్నాడు. పేరు చెప్పను, వాడిని అడిగే ఈ మాట చెప్తున్నా. తొమ్మిదో క్లాస్‌లో నా దోస్తు. ఎప్పుడూ మమ్మల్ని ఇంటికి పిలిచేవాడు కాదు. పిసినారోడని ఏడిపించేవాళ్లం. ఒకరోజు నలుగురం చెప్పకుండా వాళ్లింటికి పోయాం. తలుపు తీసింది వాళ్ల చెల్లె. మాటలు రావు, ఏదో శబ్దం చేస్తూ చప్పట్లు కొట్టింది. మాలో ఒకడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడు మాతో మాట్లాడడం మానేశాడు.

రెండేళ్ల కింద హనుమకొండ చౌరస్తాలో కలిశాడు. ఛాయ్ తాగుతూ సారీ చెప్పాను. వాడు అన్నది ఇది: "మీరు నవ్విండ్రని కాదు రా బాధ. మీతోపాటు నేను గూడ నవ్విన. మా చెల్లె ముంగటనే."

నా దగ్గర జవాబు లేదు. వాడే మళ్లీ అన్నాడు, "అసలు దానికి ఏమైందో మా ఇంట్ల నాకు ఎవ్వరు చెప్పలే. చెల్లెను చూసుకో అన్నరు, గంతే."

ఇలాంటి అన్నలకీ అక్కలకీ ఇంగ్లిష్‌లో ఒక పేరుంది, గ్లాస్ చిల్డ్రన్ అంటారు. అంటే గాజు పిల్లలు. అమ్మానాన్నల చూపు వీళ్లని దాటుకుని అవసరం ఎక్కువున్న బిడ్డ మీద ఆగుతుంది. తప్పు ఎవరిదీ కాదు, ఇంట్లో ఓపిక అంతే ఉంటుంది. అమెరికాలో డాన్ మేయర్ అనే ఆయన ఈ తోబుట్టువుల కోసమే ‘సిబ్‌షాప్స్’ మొదలుపెట్టాడు. అక్కడ పిల్లలు ఆడుకుంటారు, తింటారు, "నాకు సిగ్గేసింది", "నాకు కోపమొచ్చింది" అని భయం లేకుండా చెప్పుకుంటారు.

మన దగ్గర కూడా ఏమీ లేదనలేం. మానసిక వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ‘అంజలి’ వచ్చిన 1990లో అసలు ఇలాంటి చట్టమే లేదు, మొదటిది 1995లో వచ్చింది. చట్టాలు ఆ బిడ్డ గురించి మాట్లాడుతున్నాయి, మంచిదే. పక్కన నిలబడ్డ అన్నతో మాట్లాడాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లు, మనలాంటి దోస్తులు.

అర్జున్ చివరికి మారతాడు. చెల్లిని వెక్కిరించినవాళ్లతో గొడవపడే అన్న అవుతాడు. చిన్నప్పుడు నేను దాన్ని వాడు మంచోడైపోవడం అనుకున్నా. ఇప్పుడు అనిపిస్తోంది, వాడు ముందు నుంచీ మంచోడే. నిజం తెలుసుకుని, దానికి అలవాటు పడడానికి కొంచెం టైమ్ కావాల్సి వచ్చింది.

మీ చుట్టూ ఇలాంటి ఇల్లు ఉంటే ఒక పని చేయండి. పాప ఎట్లుందని అందరూ అడుగుతారు. మీరు ఆ అన్నని పక్కకి పిలిచి "నువ్వెట్లున్నవ్ రా?" అని అడగండి. వాడు చెప్పేదాకా ఆగండి.

మీరే ఆ అన్నో అక్కో అయితే, మీకు కోపమొచ్చిన రోజు మీరు చెడ్డవాళ్లు అయిపోలేదు. ఇంట్లో ఒకరితోనైనా ఆ మాట చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అందరికీ దసరా శుభాకాంక్షలు. ఉంటా మరి.