తొలి కారు – బీమా భారము



వానకాలపు పంట ఇండ్లకు చేరిన దినములలో ఒకనాడు మేము నిజాంసాగరు పోయితిమి. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ ఆనకట్ట క్రింది రైతుల మాటలను ధ్వనిముద్రణ చేసుకొనుట మా పని. పని ముగిసి, ఒక రైతు ఇంటి అరుగుపై చాయ త్రాగుచుండగా ఆ పెద్దమనిషి మమ్ములను ఒక ప్రశ్న వేసెను.

“సారు, మా పిలగానికి డ్రైవింగు లైసెన్సు అచ్చింది. పాతదొక కారు కొందామనుకుంటున్నం. ఏ బండికి ఇన్సూరెన్సు తక్కువ పడుతదో జెర చెప్పుండ్రి.”

కుమారునకు ఇరువది యేండ్లు. బాన్సువాడలో ఒక దుకాణమున పనిచేయుచున్నాడు. ఇంటిలో ముసలితల్లి కలదు. నెలకు రెండు మార్లు ఆమెను నిజామాబాదు ఆసుపత్రికి కొనిపోవలయును. కావున కారు వారికి విలాసము కాదు. అయితే ఒక పంట మిగులు అంతయు దానికే పోవుచున్నది. ఆ పైన ఏటేట బీమా ఎంత అగునో యని తండ్రికి దిగులు.

వారి యెదుట రెండు బండ్లు ఉండెను. ఒకటి హైదరాబాదు నుండి వచ్చిన 796 సీసీ చిన్న కారు. రెండవది బాన్సువాడలోనే ఉన్న 1,197 సీసీ కారు. పడుచువాని మనసు రెండవదానిపై ఉన్నదని అతని చూపే చెప్పుచుండెను.

మొదట ఒక అపోహను తొలగింతము. ఇంగ్లండు వంటి దేశములలో బీమా కంపెనీలు ముందుగా నడుపువాని వయస్సును అడుగును. క్రొత్తగా లైసెన్సు పొందిన పడుచువారికి అచ్చట ప్రీమియము మిక్కిలి భారము. ఒక్కొక్కప్పుడు పాత కారు వెలతో పోటీ పడును. విదేశములలో చుట్టములున్న వారు ఈ మాట విని, ఇచ్చటను అట్లే యని భయపడుదురు. మన దేశములో చట్టము తప్పనిసరి చేసిన థర్డు పార్టీ బీమా రుసుము నడుపువాని వయస్సును చూడదు. ఇంజను పరిమాణమును చూచును.

2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము, సొంత కార్లకు ఏడాది థర్డు పార్టీ ప్రీమియము ఇట్లున్నది: 1,000 సీసీ మించని దానికి 2,094 రూపాయలు, 1,000 దాటి 1,500 వరకు 3,416 రూపాయలు, ఆ పైన 7,897 రూపాయలు. పన్ను దీనికి అదనము. క్రొత్త కారు కొనువారు మూడేండ్లకు ఒకేసారి చెల్లించవలయును. ఈ నియమము 2018 సెప్టెంబరు 1 నుండి కలదు. ఆ మూడేండ్ల మొత్తము చిన్న కారుకు 6,521, నడిమి కారుకు 10,640 రూపాయలు. కొనునపుడు ఈ రేట్లు మారినవేమో ఒకమారు విచారించుట మేలు.

కాబట్టి ఆ రైతు ప్రశ్నకు సగము జవాబు సులభము: 796 సీసీ బండియే చవుక. నేటి కార్లలో 998 సీసీ ఇంజను గలవి పలు రకములున్నవి. అవియు ఆ మొదటి తరగతిలోనివే. ఒకే పేరుగల కారు 998 సీసీతోను, 1,197 సీసీతోను వచ్చుట కలదు. అందుచే పేరును కాక, రిజిస్ట్రేషను పత్రములోని అంకెను చూడవలయును.

మిగిలిన సగము జవాబు బండి సొంత నష్టమునకు చేయు బీమాను గూర్చినది. ఇది తప్పనిసరి కాదు. దీని రేటును 2007 నుండి కంపెనీలే నిర్ణయించుకొనుచున్నవి. కావున రెండు మూడు చోట్ల అడిగి చూచుట తెలివి. బండి నాటి విలువను బట్టి ఈ ప్రీమియము ఉండును. విలువ ఏటేట తగ్గును. నాలుగేండ్లు దాటి అయిదేండ్లు నిండని బండికి విలువలో సగము తరుగు కట్టుదురు. అయిదేండ్లు దాటినచో విలువను కంపెనీయు యజమానియు మాటలాడుకొని నిర్ణయింతురు. చిన్న నష్టములను నేనే భరింతునని ముందుగా ఒప్పుకొనినచో ప్రీమియము కొంత తగ్గును. ఏడాదిలో నష్టపరిహారము కోరనివారికి మరుసటి ఏట 20 శాతము తగ్గింపు దొరకును. వరుసగా అయిదేండ్లు కోరనిచో అది 50 శాతము వరకు పెరుగును. పడుచువాడు నిదానముగా నడిపినందుకు దొరకు బహుమానము ఇదియే.

మేము ఇంతవరకు చెప్పి లేవబోవుచుండగా ఆ రైతు మరియొక మాట చెప్పెను. “బేరగాడు ఒక సంగతి చెప్పిండు సారు. చిన్న కారుకు మార్చి దాక ఇన్సూరెన్సు ఉన్నదట. కాయితాలు మార్చే తొందర లేదట. బండి నా పేరు మీద పెడితే చాలునట.”

మేము మరల కూర్చుంటిమి. బీమా ఖర్చు కంటె పెద్ద ప్రమాదము ఈ మూడు మాటలలో ఉన్నది.

మొదటిది: బండి చేతులు మారినపుడు, థర్డు పార్టీ రక్షణ క్రొత్త యజమానికి సంక్రమించినట్లు 1988 నాటి మోటారు వాహనముల చట్టము భావించును. అయినను, 14 దినములలోగా పాలసీని తన పేర మార్చుమని కొనినవాడు కంపెనీకి దరఖాస్తు చేయవలయును. సొంత నష్టపు బీమా మాత్రము దానంతట అది రాదు. పాలసీ పాత యజమాని పేరనే ఉండగా బండి చెట్టుకు గ్రుద్దుకొనినచో, కొనినవానికి దక్కునది విరిగిన బండి మాత్రమే.

రెండవది: అమ్మినవాడు సంపాదించిన తగ్గింపు అతనిదే, బండిది కాదు. పాలసీ పేరు మార్చునపుడు ఆ తేడాను కంపెనీ కొనినవాని వద్ద వసూలు చేయును. ఈ సొమ్మును బేరములోనే లెక్క కట్టుకొనవలయును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. థర్డు పార్టీ బీమా పరులకు కలుగు నష్టము కొరకు ఏర్పడినది. చక్రము పట్టినవానికి కాదు. అతని కొరకు పదునైదు లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. కాని అది బండి ఎవరి పేర ఉన్నదో, లైసెన్సు ఎవరికి ఉన్నదో, ఆ యజమానికే వర్తించును. తండ్రికి లైసెన్సు లేదు. బండి తండ్రి పేర పెట్టి, నడుపువాడు కుమారుడైనచో, ఆ రక్షణ ఇద్దరిలో ఎవరికిని ఉండదు. పదునెనిమిదేండ్లు నిండినవాడు కావున బండిని కుమారుని పేరనే పెట్టుట ఉచితము.

ఇది విని తల్లి లోపలినుండి వచ్చి, గుమ్మము కడ నిలిచి, “అయితే వాని పేరు మీదనే రాయిద్దాం” అనెను. అంతవరకు మాటలాడనిది ఆమె ఒక్కతెయే.

ఇంకొక సంగతి. లైసెన్సు లేని తమ్ముడో, స్నేహితుడో “ఒక్క చుట్టు తిప్పి వత్తును” అని తాళపుచెవి అడుగును. అట్టివాడు ఎవరినైన గాయపరచినచో, బాధితునకు కంపెనీ చెల్లించినను, ఆ సొమ్మును యజమాని వద్ద తిరిగి రాబట్టుకొనవచ్చును. నడుపువాడు పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడైనచో, 2019 సవరణ ప్రకారము సంరక్షకునకు మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా కలవు. బీమా లేక బండి నడిపినచో మొదటి మారు రెండువేల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండును. కాని జరిమానా చిన్న విషయము. న్యాయస్థానము విధించు పరిహారము లక్షలలో ఉండును. దానికి పొలము అమ్మవలసి వచ్చును.

మనదేశమున ఈ బీమా 1946 జూలై 1 నుండి తప్పనిసరి అయినది. బండిగలవాని పొరపాటుకు దారిన పోవు పేదవాని కుటుంబము వీధిన పడరాదనుటయే దాని ఉద్దేశము. నిజాంసాగరు దారులలో ఈ సంగతి ఊరక చెప్పునది కాదు. పంటకాలమున రోడ్డులో సగము వడ్లు ఆరబోసి ఉండును. వెనుక దీపము లేని ట్రాక్టర్లు చీకటిలో పోవుచుండును. గేట్లు ఎత్తిననాడు నీటిని చూడవచ్చిన జనము దారికి అడ్డముగా నిలుతురు. క్రొత్తగా చక్రము పట్టినవానికి ఇవి అన్నియు పరీక్షలు. ఆనకట్ట గేట్లను వరద వచ్చిననాడు బాగుచేయబూనరు, ఎండకాలముననే చూచుకొందురు. బీమా పత్రమును అట్లే ముందుగా చూచుకొనవలయును.

మేము సెలవు తీసికొనునపుడు పడుచువాడు మా వెంట వీధి వరకు వచ్చెను. “చిన్న కారే తీసుకుంటం సార్. మిగిలిన పైసలు సొంత నష్టపు ఇన్సూరెన్సుకు కడతం” అని చెప్పెను. పెద్ద కారుపై మోజు పోయినదని మేము అనుకొనలేదు. అయినను నానమ్మను ఆసుపత్రికి కొనిపోవు బండి ఏదో అతడు ఎరిగినాడు.

మీ ఇండ్లలోను ఇట్టి పడుచువారు ఉందురు. కారు రంగును వారినే ఎంచుకొననిండు. ఇంజను అంకె, పాలసీపై పేరు, రిజిస్ట్రేషనుపై పేరు – ఈ మూడింటిని మాత్రము పెద్దలు కూడ ఒకమారు చదువుడు. సెలవు.