ఇంటిలో జెముడు - పెంపకము, జాగ్రత్త
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి తరగతులలో రోడ్లు, మంచినీటి పథకములు, పన్నుల వసూలు మొదలైన విషయములను గూర్చి మీరు వినియుందురు. నేడు మేము జెముడు మొక్కను గూర్చి మాటలాడ వచ్చితిమనగానే మీలో కొందరు నవ్విరి. ఆ నవ్వు న్యాయమైనదే. ఎవరును నీరు పోయకయే పొలిమేరలలో పెరుగు మొక్కకు ప్రసంగ మెందుకని తోచుట సహజము. అయినను ఇందులో పంచాయతీ చేయవలసిన పని యొకటి కలదు. ప్రసంగము ముగియులోపల మీరే దానిని ఒప్పుకొందురని మా నమ్మకము.

ఇప్పుడు జెముడు పొలిమేర దాటి ఇంటిలోనికి వచ్చినది. పట్టణములలోని నర్సరీలలో ఈ జాతి మొక్కలను చిన్న కుండీలలో పెట్టి అమ్ముచున్నారు. పల్లెలలోను అరుగులమీద, డాబాలమీద, పంచాయతీ కార్యాలయముల ముందు అవి కానవచ్చుచున్నవి. ఇది మంచి అలవాటే. వేసవిలో త్రాగునీటికే కటకటపడు ఊరిలో గృహిణి పూలమొక్కకు రోజూ బిందెడు నీరు ఎక్కడ తేగలదు? జెముడు ఆమెను అంత నీరడుగదు. కాని దానిని పెంచువారు రెండు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది: ఈ మొక్క నీరు తక్కువైనందున చచ్చుట అరుదు, ఎక్కువైనందున చచ్చుట తరచు. రెండవది: దీని పాలు చూచుటకు ఆవుపాలవలె తెల్లగా నుండును, కంటిలో పడినచో చూపునకే ముప్పు.

ఏది జెముడు? ఏది కాదు?

కండబట్టి, ముండ్లతో నున్న ప్రతి మొక్కను మనవారు జెముడనియే పిలుచుచున్నారు. శాస్త్రజ్ఞులు వానిని రెండు కుటుంబములుగా విడదీసిరి. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఒక కుటుంబములోనివి. వీనికి శాస్త్రములో యూఫోర్బియా అని పేరు. సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట ఉత్తర ఆఫ్రికాలోని మారిటేనియా దేశమును పాలించిన జూబా అను రాజు, తన వైద్యుడైన యూఫోర్బసు పేరును ఇట్టి మొక్క కొకదానికి పెట్టెనని ప్రతీతి. 1753లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఆ పేరును శాస్త్రగ్రంథమున కెక్కించెను. ఈ తెగలో సుమారు రెండువేల జాతులు కలవు. మన చేలలో కలుపుగా మొలచు నానబాలు కూడ వీని బంధువే.

నాగజెముడు మాత్రము వేరు. అది అమెరికా ఖండము నుండి వచ్చిన కాక్టసు కుటుంబములోనిది. ఒకప్పుడు అది దక్షిణదేశములో బీళ్లనెల్ల ఆక్రమించెను. 1926లో సింహళము నుండి తెచ్చి విడిచిన ఒక జాతి పిండిపురుగు ఆ పొదలను తిని తగ్గించెను. "జెముడును పురుగు తినివేసినది" అని పెద్దలు చెప్పుకొనునది ఆ నాగజెముడును గూర్చియే.

రెంటికిని భేదము తెలియుట కష్టము కాదు. కాక్టసులో ముండ్లు దూదిచుక్కవంటి చిన్న మచ్చనుండి గుత్తిగా పుట్టును. బొమ్మజెముడులో అవి జంటలుగా నుండును. కాడజెముడుకు ముండ్లే లేవు. అన్నిటికంటె పెద్ద గుర్తు పాలు. కాడ విరిగినచో పాలు కారినది యూఫోర్బియా అని అనుమానింపవలెను. అయితే పరీక్ష పేరిట కాడను చేతితో విరువరాదు.

నర్సరీలలో ఎక్కువగా అమ్ముడుపోవునది మడగాస్కరు ద్వీపమునుండి వచ్చిన ఎర్రపూల ముండ్లమొక్క. క్రీస్తు శిరమున నుంచిన ముండ్లకిరీటమును తలపించునని దానిని క్రౌన్ ఆఫ్ థార్న్స్ అందురు. అందులో ఎర్రగా కనబడునవి పూరేకులు కావు. అసలు పూవు ప్రక్కనున్న రంగు ఆకులు. అందుచేతనే అవి చాలదినములు వాడక నిలుచును.

నీరు లేక ఎట్లు బ్రతుకును?

ఈ మొక్కలకు కాండమే ఆకుపని చేయును, కాండమే నీటిని నిలువచేయును. తక్కిన మొక్కలు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములను తెరచి గాలిని లోనికి తీసికొనును. ఆ దారినే నీరు ఆవిరియై పోవును. కండగల జెముళ్లలో పెక్కు ఆ రంధ్రములను రాత్రి చల్లని వేళ తెరచి, బొగ్గుపులుసు వాయువును లోపల దాచుకొని, పగలు తలుపులు మూసికొని, ఎండ వెలుతురులో ఆహారము తయారుచేసికొనును. పాలు దానికి కాపలా. మేకగాని పశువుగాని ఒకసారి నోరుపెట్టినచో మరల రాదు. మన పూర్వులు దానిని చేలకు కంచెగా వేసినది ఈ గుణము చూచియే.

పెంచు విధానము

ఇచ్చట మా అనుభవమొకటి చెప్పవలెను. మేము పర్యటనకు వెళ్లిన గ్రామమునుండి ఒక బొమ్మజెముడు కొమ్మ తెచ్చి ఇంటి ముందు కుండీలో నాటితిమి. ప్రతి ఉదయము చెంబెడు నీరు పోసితిమి. శ్రావణమాసపు ముసురు పట్టినప్పుడును మానలేదు. నెల తిరుగకముందే మొదలు మెత్తబడి, మొక్క ఒరిగిపోయెను. మరల ఆ గ్రామమునకు వెళ్లినప్పుడు, కొమ్మనిచ్చిన ముదుసలితో ఆ మాట చెప్పితిమి. "జెముడుకు నీళ్లు పోసినోళ్లను ఇప్పుడే చూస్తున్నా నాయనా! అది చచ్చిందంటే నీ చేతి చలవే," అని ఆమె నవ్వెను. పుస్తకములలో పేజీలకొలది వ్రాసియున్నది ఆమె ఒక్క మాటలో చెప్పినది.

కొమ్మ నాటుటకు ఎండకాలము మంచిది. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొని, జానెడు కొమ్మను పదునైన కత్తితో కోయవలెను. కోసిన కొసను నీటిలో ముంచినచో పాలు ఆగును. ఆ కొమ్మను వెంటనే నాటరాదు. నీడలో వారము మొదలు పది దినముల వరకు ఆరబెట్టినచో కోసిన చోట గట్టి పొర కట్టును. ఆ పొర లేక తడిమట్టిలో పెట్టిన కొమ్మ కుళ్లిపోవును.

కుండీ మట్టిదైనచో మంచిది. అడుగున రంధ్రము తప్పక యుండవలెను. తోటమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలిపి, అందులో ఇటుకముక్కల పొడి, బాగుగా మాగిన ఎరువు చారెడు వేసిన చాలును. వట్టి నల్లరేగడి పనికిరాదు. అది నీటిని పట్టియుంచును. నాటిన తరువాత వారము దినములు నీరు పోయనక్కరలేదు. పిమ్మట వ్రేలు రెండు అంగుళముల లోతునకు గ్రుచ్చి చూచి, అంతవరకు మట్టి పొడిగా నున్నప్పుడే పోయవలెను. పోసినప్పుడు అడుగు రంధ్రమునుండి కారునంతగా పోసి, క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పారబోయవలెను. వానకాలములో కుండీని చూరుక్రిందికి జరుపవలెను. చలికాలములో నీరు మరింత తగ్గింపవలెను.

వెలుతురు ధారాళముగా కావలెను. ఉదయపుటెండ నాలుగైదు గంటలు తగులుచోటు శ్రేష్ఠము. ఇంతకాలము నీడలో నున్న మొక్కను ఒక్కసారిగా వైశాఖపు టెండలో పెట్టినచో కాండము కమలిపోవును. మెల్లమెల్లగా అలవాటు చేయవలెను. చీకటి గదిలో పెట్టినచో సన్నగిల్లి, పాలిపోయి, వంగును. పిండినల్లి పట్టినచో సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడువవలెను. మొదలు మెత్తబడినచో, పైనున్న గట్టి భాగమును మచ్చ లేనంతవరకు కోసి, ఆరబెట్టి, క్రొత్త మట్టిలో నాటినచో మొక్క దక్కవచ్చును.

ఇంకొక మాట. కొండలమీది అరుదైన మొక్కలను పెరికి తేరాదు. కండగల యూఫోర్బియాలు దేశముల నడుమ వర్తకమును అదుపుచేయు సైటీస్ ఒప్పందము జాబితాలో చేరియున్నవి. ఇరుగు పొరుగువారి నడిగి తెచ్చిన ఒక కొమ్మ నుండి పది కుండీలు నింపవచ్చును. పెరుకవలసిన పని లేదు.

పాల సంగతి

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాము. ఇది చెప్పుట మాకు సులభము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో బడి ఆవరణకు కాడజెముడు కంచె వేయుట మేలని ప్రచారము చేసినవారిలో మేమును ఉంటిమి. ఖర్చు లేదు, నీరక్కరలేదు, మేక తినదు అని మూడు గుణములను చెప్పితిమి. నాల్గవ మాట చెప్పలేదు. కంచె ఏపుగా పెరిగెను. దారికి అడ్డమగుచున్నదని పంచాయతీవారు ఒక కూలివానిని పెట్టి కొట్టించిరి. కత్తివ్రేటుకు పాలు చింది అతని కంటిలో పడెను. అతడు చెమట తుడుచుకొను తువ్వాలుతోనే కన్ను నులుముకొనెను. ఆ తువ్వాలుకును పాలంటియుండెను. మొదట మంట మాత్రమే. పని ముగించియే ఇంటికి వెళ్లెను. రాత్రికి రెప్ప వాచి, చూపు మసకబారెను. ఇంటివారు చనుబాలు పోసిరి, ఆముదము వేసిరి. మూడవనాడు ఆసుపత్రికి చేరెను. ప్రాణాపాయము లేదు, కన్ను పోలేదు. కాని నల్లగ్రుడ్డుమీద సన్నని పొర మిగిలినది. ఆ కంటితో అతడు సూదిలో దారమెక్కింపలేడు.

అతనికి నీటి సంగతి చెప్పినవారు లేరు. బడిలో కుళాయి ఇరువది అడుగుల దూరములోనే యుండెను. ఆ తప్పులో మాకును పాలున్నది. నేడు మీ ముందు నిలుచుటకు ఆ కుళాయియే కారణము.

కనుక ఈ మాటలు గుర్తుంచుకొనుడు. పాలు కంటిలో పడినచో నులుమరాదు. ఆ క్షణముననే రెప్పలు విప్పి పట్టుకొని, శుభ్రమైన నీటిధారతో కనీసము పదునైదు ఇరువది నిమిషములు కడుగవలెను. చనుబాలు, ఆముదము, ఆకుపసరు వేయరాదు. మంట తగ్గినదని ఊరుకొనరాదు. బాధ కొన్ని గంటల తరువాత పెరుగవచ్చును. ఆ దినముననే కంటి వైద్యునికి చూపి, ఏ మొక్క పాలు పడినవో చెప్పవలెను. వెంటనే కడిగి చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి కొలది దినములలో చూపు కుదుటపడును. చర్మముపై పడినచో సబ్బుతోను నీటితోను కడుగవలెను. పిల్లలు నోట పెట్టుకొన్నచో నోరు కడిగించి, బలవంతముగా వాంతి చేయింపక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆయుర్వేదములో స్నుహి అను పేరున ఆకుజెముడు పాలను క్షారసూత్రము మొదలగు చికిత్సలలో వాడుదురు. అది శిక్షణ పొందిన వైద్యులు చేయు పని. పులిపిరికనియు, పంటినొప్పికనియు ఇంటిలో ఎవరికి వారు పాలు పూసికొనుట ప్రమాదము.

పంచాయతీ చేయవలసినది

జెముడును ఊరినుండి వెళ్లగొట్టుడని మేము చెప్పుట లేదు. చేనిగట్టుమీద అది నేటికిని మంచి కంచెయే. కాని బడి, అంగన్‌వాడీ, ఆటస్థలము, ఇరుకుదారి - ఈ చోట్ల అది యుండరాదు. ఉన్నదానిని తీయించునప్పుడు కూలివారికి కంటి అద్దములు, చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఏర్పాటు చేయుడు. ప్రక్కనే నిండుబిందె, చెంబు పెట్టించుడు. పిల్లలను దూరముగా నుంచుడు. కొట్టిన కొమ్మలను చెరువులో వేయరాదు. ఈ పాలు చేపలకు విషము. ఇండ్ల నడుమ తగులబెట్టరాదు. పొగకును కండ్లు, గొంతు మండును. గుంత త్రవ్వి పూడ్చుట మేలు. ఇంటిలో కుండీ పెట్టుకొన్నవారు దానిని పసిపిల్లలకు, పశువులకు అందని ఎత్తున నుంచవలెను.

వచ్చు గ్రామసభలో అయిదు నిమిషములు ఈ సంగతికి కేటాయింపుడని మా మనవి. కంచె కొట్టు పని ఎవరికి అప్పగించుచున్నారో, ఆ మనిషిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. అతడు వినవలసినది ఒకే మాట - కంట పాలు పడిన కత్తి క్రిందపెట్టి నీటి దగ్గరకు పరుగెత్తుము.

మీ కార్యాలయము ముందు ఒక జెముడు కుండీ పచ్చగా నుండుననియు, దానికి ఎవరును అదనముగా నీరు పోయరనియు ఆశించుచున్నాము.