టన్ను అంటే బరువు కాదు
(సూరత్‌లోని సలాబత్‌పురాలో, తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతపు చీటీ చేతికి రాగానే కరవు భత్యమెంత, ఇంటి అద్దె భత్యమెంత, కోతలెన్ని అని మనం వరుసవరుసగా చదువుతాము. ఒక్క అంకె తేడా వచ్చినా యూనియన్ కార్యాలయానికి వెళ్లి అడుగుతాము. కాని ఆ జీతంతోనే వాయిదాల మీద ఒక ఎ.సి. యంత్రం కొనేటప్పుడు, దానికి అంటించిన చీటీని చదివేవారు మనలో ఎందరు?

నా అనుభవమే చెబుతాను. సొంత ఇల్లు కొన్న సంవత్సరం, పదడుగుల గదికోసం అప్పు చేసి రెండు టన్నుల యంత్రం కొన్నాను. "పెద్దది పెద్దదే" అన్నాడు దుకాణదారు. నమ్మాను. గది క్షణాలలో చల్లబడేది, యంత్రం ఆగిపోయేది. గాలిలోని తేమ మాత్రం పోయేది కాదు. పక్కబట్టలు చెమ్మగిల్లేవి. వాయిదాలు, కరెంటు బిల్లు రెండూ బరువయ్యాయి. టన్ను అనగా ఏమో తెలియకపోవడానికి నేను చెల్లించిన మూల్యమది.

రైల్వేవారికి టన్ను అంటే వ్యాగన్‌లోని సరుకు బరువు. ఈ టన్ను వేరు. 1934లో ఫ్రాంటియర్ మెయిల్‌కు శీతల పెట్టెను తగిలించినపుడు, మంచు దిమ్మెల చల్లదనంతోనే లోపలి గాలిని చల్లబరచేవారు. మన సూరత్ స్టేషను మీదుగానే వెళ్లే ఆ బండి 1996 నుండి గోల్డెన్ టెంపుల్ మెయిల్ అయినది. మంచు కరగాలంటే వేడిని పీల్చుకోవాలి. సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో కరగడానికి ఎంత వేడి కావలెనో, అంత వేడిని గదిలోనుండి తొలగించగల శక్తియే ఒక టన్ను. అది సుమారు 3.5 కిలోవాట్లకు సమానం.

అయితే ఆ 3.5 కిలోవాట్లు యంత్రం తొలగించే వేడి. వాడుకునే విద్యుత్తు కాదు. విద్యుత్తు అందులో మూడవ వంతో, నాలుగవ వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. ఈ నిష్పత్తిని తెలిపేవే చీటీమీది నక్షత్రాలు. వాటి పక్కన ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అనే సంఖ్య ఉంటుంది. వేసవికాలమంతటా తొలగించిన వేడిని, అందుకు ఖర్చయిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది అదే. ఎంత ఎక్కువైతే అంత మేలు. ఆ చీటీ మీదనే సంవత్సరానికి ఇన్ని యూనిట్లు అని కూడా వ్రాసి ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి లెక్క. మీరు 800 గంటలే వాడితే సుమారు సగం వేసుకోండి. మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించండి. యూనిట్ అంటే ఒక కిలోవాట్ యంత్రం ఒక గంట నడిస్తే ఖర్చయ్యే విద్యుత్తు.

'ఇన్వర్టర్' అన్నమాట మరొక చిక్కు. మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే బ్యాటరీ పెట్టె. ఇన్వర్టర్ ఎ.సి. అంటే కరెంటు పోయినా నడిచేది కాదు. అవసరాన్ని బట్టి కంప్రెసరు వేగాన్ని తగ్గించుకొని, హెచ్చించుకొని నడిచేది.

కూలరు సంగతి వేరు. అది నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరుస్తుంది. రామగుండం వంటి చోట్ల పొడి ఎండలో అది చక్కగా పనిచేస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ ఊరిలో, వానాకాలపు ఉక్కలో, గాలి అప్పటికే తేమతో నిండి ఉండగా నీరు ఆవిరి కావడం కష్టం. అది కూలరు లోపం కాదు.

ఇక వేడినీళ్లు. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు కాచడానికి సుమారు అర యూనిట్ చాలు. గీజరు మీద 2 కిలోవాట్లని ఉంటే భయపడనక్కరలేదు. ఆ పని పావుగంటలో ముగుస్తుంది. మరచిపోయి వదిలివేసినదే బిల్లు పెంచుతుంది. నీరు తగినంత వేడెక్కగానే కరెంటును ఆపే థర్మోస్టాట్ ఉన్నా, చల్లారినప్పుడల్లా అది మరల వెలుగుతుంది.

2020 జనవరి 1 నుండి నక్షత్రపు చీటీగల గది ఎ.సి.లు మొదట 24 డిగ్రీల వద్దనే మొదలయ్యేటట్లు నిబంధన వచ్చినది. దానిని 16కు దించితే గది తొందరగా చల్లబడుతుందని అనుకోవద్దు. యంత్రం ఎక్కువసేపు శ్రమిస్తుంది, అంతే. యంత్రం కొనే స్తోమత లేనివారు పైకప్పుకు తెల్ల సున్నం వేయించండి. ఎండ వేడిలో కొంత భాగం కప్పు మీదనుండే మరలిపోతుంది.

కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి సూరత్‌కు వచ్చిన నేతకుటుంబాల వారు ఇక్కడ ఉన్నారు. నూలు నంబరు తెలియని నేతగాడిని వ్యాపారి సులువుగా మోసగిస్తాడని వారికి వేరే చెప్పనక్కరలేదు. మనకూ అంతే. ఎన్ని టన్నులు, ఎన్ని నక్షత్రాలు, ఏడాదికి ఎన్ని యూనిట్లు? ఈ మూడు ప్రశ్నలు అడగనిదే డబ్బు చెల్లించకండి. పోరాడి సాధించుకొన్న జీతాన్ని మాట తెలియక పోగొట్టుకోవడం మనకు తగదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పండి.