ఖజానా తాళాలు - క్రిప్టో వంతెనలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే అంశం అప్పగించారు. మన సభ్యుల పిల్లలు, మనవలు కొందరు క్రిప్టో కరెన్సీలో డబ్బు పెడుతున్నారు. "తాతయ్యా, నీ గ్రాట్యుటీ బ్యాంకులో ఊరికే పడి ఉంది. కొంత ఇస్తే వంతెన దాటించి ఎక్కువ రాబడి వచ్చే చోట పెడతాను" అని అడుగుతున్నారట. ఆ వంతెన ఏమిటో, అది భద్రమో కాదో తెలుసుకునే దారి ఏమిటో చెప్పమన్నారు. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ట్రెజరీలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయితే ఈ విషయం చదివిన కొద్దీ, మన శాఖ పద్ధతులతోనే దీన్ని చాలావరకు పరీక్షించవచ్చని నాకు బోధపడింది.

బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లు కలిసి రాసుకునే లెడ్జరు. ఎథీరియం ఒక లెడ్జరు, సొలానా మరొక లెడ్జరు. ఒకదానిలో ఏం రాశారో రెండోదానికి తెలియదు. ఎథీరియంలో ఉన్న ఈథర్ నాణేన్ని సొలానాలో వాడుకోవాలంటే మధ్యలో వంతెన కావాలి. చాలా వంతెనలు చేసే పని ఇది: ఇటువైపు మీ నాణేన్ని ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తారు, అటువైపు అంతే విలువకు ఒక రసీదు నాణెం ఇస్తారు. రసీదు తిరిగి అప్పగిస్తే దాన్ని రద్దు చేసి, పెట్టెలోని అసలు నాణెం విడుదల చేస్తారు. పెట్టెలో సొమ్ము ఉన్నంతవరకే రసీదుకు విలువ. పెట్టె ఖాళీ అయితే రసీదు చిత్తు కాగితంతో సమానం. కాబట్టి ఆ పెట్టె గురించి అయిదు ప్రశ్నలు వేయాలి.

మొదటిది, తాళంచెవులు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి? మన సబ్ ట్రెజరీలో స్టాంపులు డబుల్ లాక్‌లో ఉండేవి. రెండు చెవులు ఇద్దరి దగ్గర ఉండేవి. ఒక్కరి చేతిలో రెండూ ఉంటే రెండు తాళాలు వేసి ప్రయోజనం ఏమిటి? 2022 నాటికి రోనిన్ అనే వంతెనకు 9 మంది సంతకందార్లు ఉండేవారు. అయిదు సంతకాలు పడితే సొమ్ము కదిలేది. కాగితం మీద బాగానే ఉండేది. కానీ ఆ తొమ్మిదిలో నాలుగు స్కై మావిస్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉండేవి. 2022 మార్చి 23న దొంగలు ఆ నాలుగూ చేజిక్కించుకుని, అయిదోది ఇంకొక దారిన సంపాదించి, 1,73,600 ఈథర్‌ను, దానితోపాటు 2 కోట్ల 55 లక్షల డాలర్ నాణేలను తరలించుకుపోయారు. మొత్తం విలువ 60 కోట్ల డాలర్లకు పైమాట. అదే సంవత్సరం జూన్‌లో హార్మొనీ వారి హొరైజన్ వంతెన నుంచి సుమారు 10 కోట్ల డాలర్లు పోయాయి. అక్కడ అయిదు చెవులలో రెండు చాలు. ఆ తర్వాత నాలుగు కావాలని మార్చారు. 2023లో మల్టీచెయిన్ అనే వంతెన అధిపతిని చైనా పోలీసులు అదుపులోకి తీసుకున్నాక, చెవులన్నీ ఆయన ఒక్కరి అధీనంలోనే ఉన్నాయని బయటపడింది.

రెండవది, తాత్కాలికంగా ఇచ్చిన అధికారాన్ని తిరిగి తీసుకున్నారా? మన దగ్గర అధికారి సెలవు మీద వెళితే చార్జి అప్పగింత, తిరిగి రాగానే చార్జి స్వీకరణ, రెండింటికీ సంతకాలు. రోనిన్‌లో అయిదో సంతకం కథ ఇదే. 2021 నవంబరులో పని ఒత్తిడి వల్ల మరో సంస్థ తన తరఫున సంతకం చేసే అధికారాన్ని స్కై మావిస్‌కు ఇచ్చింది. డిసెంబరులో ఆ అవసరం తీరింది. అనుమతి మాత్రం రద్దు కాలేదు. దొంగలకు పనికి వచ్చింది ఆ మరచిపోయిన అనుమతే.

మూడవది, సంతకాన్ని నిజంగా సరిచూస్తున్నారా? బిల్లు మీద సంతకాన్ని స్పెసిమెన్ సంతకంతో పోల్చనిదే మనం పాస్ చేసేవాళ్లం కాదు. 2022 ఫిబ్రవరి 2న వార్మ్‌హోల్ వంతెన ప్రోగ్రాం, "సంతకాలు సరిచూడడమైనది" అన్న నకిలీ చీటీని అసలు తనిఖీ నుంచే వచ్చిందా అని చూడకుండా ఒప్పుకుంది. పెట్టెలో ఏమీ జమ కాకుండానే 1,20,000 ఈథర్‌కు రసీదులు పుట్టుకొచ్చాయి. సుమారు 32 కోట్ల డాలర్ల నష్టం.

నాల్గవది, ప్రోగ్రాంను మార్చే అధికారం ఎవరిది, మార్చాక మళ్లీ పరీక్షించారా? "ఆడిట్ అయింది" అంటారు పిల్లలు. ఆడిట్ సర్టిఫికెట్ ఆనాటి పరిస్థితికే సాక్ష్యమని మనకు తెలియనిదా? నోమాడ్ వంతెనలో ఒక మార్పు చేస్తూ, నమ్మదగిన గుర్తు ఉండవలసిన చోట సున్నా పెట్టారు. దాంతో రుజువు లేని దరఖాస్తు కూడా చెల్లుబాటైపోయింది. 2022 ఆగస్టు 1న ఒకడు సొమ్ము తీయగానే, మిగతావారు అదే దరఖాస్తును నకలు తీసి, తమ ఖాతా నంబరు రాసుకుని వరుస కట్టారు. గంటల్లో సుమారు 19 కోట్ల డాలర్లు పోయాయి. కొందరు కొంత తిరిగి ఇచ్చారు.

అయిదవది, రోజువారీ నిల్వ ఎవరు సరిచూస్తున్నారు? మనం సాయంత్రం క్యాష్ బుక్ కుదరనిదే ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. రోనిన్‌లో దొంగతనం జరిగిన సంగతి ఆరు రోజుల వరకు యాజమాన్యానికి తెలియదు. ఒక ఖాతాదారు 5,000 ఈథర్ తీసుకోబోతే రాలేదని ఫిర్యాదు చేశాకే, మార్చి 29న తెలిసింది. పెట్టెలో నిల్వ, బయట తిరుగుతున్న రసీదులు రెండూ బహిరంగ లెడ్జర్లలోనే ఉంటాయి. చూసే నాథుడు ఉండాలి, తేడా వస్తే వంతెనను వెంటనే నిలిపివేసే ఏర్పాటు ఉండాలి.

మనుషుల సంతకాలపై ఆధారపడకుండా, ఒక లెడ్జరు రుజువును రెండో లెడ్జరే స్వయంగా పరీక్షించే వంతెనలు కూడా ఉన్నాయని చెప్పడం న్యాయం. అక్కడ తాళంచెవుల బెడద తగ్గుతుంది. ప్రోగ్రాంలో దోషం ఉండే ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది.

ఇక్కడ మన ఖజానాకూ వంతెనకూ ఉన్న తేడా చెప్పాలి. మన స్ట్రాంగ్ రూమ్‌ను దోచాలంటే దొంగ ఊళ్లోకి రావాలి. రోనిన్ దొంగతనం ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్.బి.ఐ. 2022 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇక పోయిన సొమ్ము సంగతి. వార్మ్‌హోల్‌లో జంప్ అనే సంస్థ తన సొంత డబ్బుతో లోటు పూడ్చింది. నోమాడ్ ఖాతాదారులకు ఆ భాగ్యం కలగలేదు. బ్యాంకు డిపాజిట్‌కు బీమా ఉంది, 2020లో దాని పరిమితిని 5 లక్షల రూపాయలకు పెంచారు. వంతెన మీద సొమ్ముకు అటువంటి బీమా లేదు. క్రిప్టో లాభాల మీద మన ప్రభుత్వం 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను విధించింది కదా, అంటే ఆమోదించినట్లే కదా అని కొందరంటారు. పన్ను వేయడం వేరు, పూచీ పడడం వేరు. అర్జీ పెట్టుకోవడానికి అక్కడ ఏ ఆఫీసూ ఉండదు.

కనుక నా మనవి. పిల్లలను కసురుకోవద్దు. వారికి తెలిసినది మనకు తెలియదు, నిజమే. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నాన్నా, చెవులు ఎందరి దగ్గర ఉన్నాయి? పాత అనుమతులు రద్దు చేశారా? సంతకాలు ఎలా సరిచూస్తారు? చివరి మార్పు తర్వాత ఆడిట్ జరిగిందా? నిల్వ రోజూ ఎవరు చూస్తారు?" అని అడగండి. జవాబులు రాసుకోండి. జవాబు దొరకని వంతెన ఎక్కవద్దని చెప్పండి. జవాబులన్నీ బాగున్నా, వారు తమ సంపాదనలో పోయినా ఫరవాలేదనుకున్న చిన్న మొత్తమే దాటించాలి. పని కాగానే రసీదు నాణేన్ని అట్టే పెట్టుకోకుండా అసలు నాణెంగా మార్చుకోవాలి. మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము మాత్రం దాని దరిదాపులకు పోరాదు. ఆ సొమ్ము మనతోపాటు మన తదనంతరం ఫ్యామిలీ పెన్షన్ మీద బతకవలసిన ఇల్లాలిది కూడా. ఆమెను అడగకుండా ఎవరికీ మాట ఇవ్వవద్దు.