నెలకు నెల: యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ చదువు



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో, ఆ మాస్టారు మాకు ప్రపంచ చరిత్ర చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం పాఠం పుస్తకంలో 1945తో అయిపోయేది. ఆయన క్లాసులో అక్కడ అయిపోయేది కాదు. తుపాకీ అప్పగించి రైలెక్కినవాడు ఇంటికి వెళ్ళి ఏం చేశాడని అడిగేవారు. మా దగ్గర జవాబు ఉండేది కాదు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి, మాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడై మాతోపాటు బి.ఏ. చదువుతున్నాయన ఒకరుండేవారు. నల్ల ఇనప ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరూ నంబరూ. ఆ ప్రశ్న వేసినప్పుడల్లా మాస్టారి చూపు ఆయన కూర్చునే ఆఖరి బెంచీ దాకా వెళ్ళి వచ్చేది. ఇవాళ ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నాను. నలభై ఏళ్ళు ఆలస్యంగా అప్పజెబుతున్న పాఠం అనుకోండి.

అరవై డాలర్లు, ఒక రైలు టిక్కెట్టు

అమెరికా కథ చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి సైనికుడి చేతిలో 60 డాలర్లు, ఊరికి ఒక రైలు టిక్కెట్టు పెట్టి పంపేశారు. 1924లో బోనస్ ఇస్తామని చట్టం చేశారు గానీ, సొమ్ము మాత్రం 1945లో ఇస్తామన్నారు. ఈలోగా మహా మాంద్యం వచ్చిపడింది. 1932 వేసవిలో వేలమంది మాజీ సైనికులు పెళ్ళాం పిల్లలతో వాషింగ్టన్ చేరి, అనకోస్టియా మైదానంలో గుడిసెలు వేసుకుని, మా బోనస్ ఇప్పుడే ఇవ్వండని కూర్చున్నారు. జులై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యం వచ్చింది. టాంకులు, బాష్పవాయువు. రాత్రికి గుడిసెలు తగలబడ్డాయి. ఒక యుద్ధంలో పోరాడినవాళ్ళను అదే దేశపు సైన్యం తరిమికొట్టింది.

ఆ మంటలు చూసినవాళ్ళే పన్నెండేళ్ళ తర్వాత చట్టం రాయడానికి కూర్చున్నారు. అమెరికన్ లీజన్ అనే మాజీ సైనికుల సంఘానికి అంతకుముందు అధ్యక్షుడిగా చేసిన హ్యారీ కోల్మెరీ, వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో, ఆ హోటల్ పేరు అచ్చువేసిన కాగితాల మీదే తొలి ముసాయిదా రాశాడు. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ దాని మీద సంతకం చేశాడు. నార్మండీ తీరంలో సైన్యం దిగి అప్పటికి పదహారు రోజులే. యుద్ధం ఇంకా ముగియలేదు. కోటీ అరవై లక్షలమంది ఒక్కసారిగా ఇంటికొస్తే ఉద్యోగాలెక్కడ అన్న భయం అప్పుడే మొదలైంది. జి.ఐ. బిల్లు అని జనం పిలుచుకున్న చట్టం వెనక కృతజ్ఞత ఎంత ఉందో, ఈ భయమూ అంత ఉంది.

చట్టంలోని లెక్క

ఆ చట్టంలో ఇళ్ళకు అప్పు పూచీ ఉంది, నిరుద్యోగికి వారానికి 20 డాలర్ల చొప్పున 52 వారాల భృతి ఉంది. నాకు ముఖ్యమైంది చదువు భాగం. తొంభై రోజులు పనిచేసినవాడికి ఒక సంవత్సరం చదువు. ఆపైన సైన్యంలో గడిపిన ప్రతి నెలకూ ఒక నెల చదువు. మొత్తం 48 నెలలు దాటకూడదు. ఫీజులకూ పుస్తకాలకూ ఏడాదికి 500 డాలర్ల దాకా ప్రభుత్వమే నేరుగా కాలేజీకి కడుతుంది. అప్పట్లో హార్వర్డ్ ఫీజే 400 డాలర్లు. తిండికీ గదికీ ఒంటరివాడికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవాడికి 75. తర్వాత ఆ మొత్తాలు పెంచారు.

‘నెలకు నెల’ అన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన ఊళ్ళలో అప్పు తీర్చేటప్పుడు బస్తాకు బస్తా కొలిచి ఇస్తారు. ధాన్యం తీసుకున్నవాడు ధాన్యమే ఇస్తాడు. యుద్ధం ఆ కుర్రవాడి దగ్గర తీసుకున్నది డబ్బు కాదు, వయసు. బోనస్‌తో ఆ అప్పు తీరదు. తీసుకున్న నెలలను చదువుకునే నెలలుగా తిరిగి కొలిచి ఇచ్చింది ఈ చట్టం. అంతకంటే పెద్ద సంగతి, ఏం చదవాలో చెప్పలేదు. మెడిసినా, సాహిత్యమా, రేడియో రిపేరా, వ్యవసాయమా అన్నది అతని ఇష్టం.

పెద్ద విశ్వవిద్యాలయాల పెద్దలకు ఇది నచ్చలేదు. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్, కాలేజీలు పనిలేనివాళ్ళ మజిలీలు అయిపోతాయని 1944 చివర్లో పత్రికలో రాశాడు. హార్వర్డ్‌కు చెందిన జేమ్స్ కోనంట్‌ కూడా సందేహించాడు. రెండేళ్ళు గడవకముందే ఆ కోనంట్, మాజీ సైనికులే హార్వర్డ్ చూసిన మంచి విద్యార్థులని ఒప్పుకున్నాడు.

రేవు మీద కాలేజీ

1947 నాటికి అమెరికా కాలేజీల్లో సగం మంది మాజీ సైనికులే. మొత్తమ్మీద 22 లక్షలమంది ఈ చట్టం కింద కాలేజీ మెట్లెక్కారు. ఇతర బడుల్లోనూ, పనిలోనూ, పొలంలోనూ శిక్షణ పొందినవాళ్ళను కలిపితే 78 లక్షలు. ఇంతమందికి గదులెక్కడివి? సైన్యం వదిలేసిన క్వాన్సెట్ గుడిసెలు తెచ్చి కాలేజీ మైదానాల్లో వరసగా నిలబెట్టారు. ముడతల రేకుతో చేసిన కట్టడం అది. డ్రమ్మును నిలువునా కోసి బోర్లించినట్టు ఉంటుంది. లోపల ఒక చివర క్లాసు, లేదంటే రెండు కాపురాలు. దండేల మీద పిల్లల బట్టలు ఆరుతుంటే, పక్కన మెట్టు మీద తండ్రి కాలిక్యులస్ చేసుకునేవాడు. పెళ్ళయిన విద్యార్థి అనేవాడు అంతకుముందు అక్కడి కాలేజీలకు పెద్దగా తెలియదు.

షికాగోలో మిషిగన్ సరస్సులోకి మూడు వేల అడుగులు చొచ్చుకుపోయిన నేవీ పియర్ అనే రేవుంది. యుద్ధకాలంలో అది నావికుల శిక్షణ కేంద్రం. 1946లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అక్కడ రెండేళ్ళ కాలేజీ తెరిచింది. నగరం దానికి ‘రాళ్ళ మీది హార్వర్డ్’ అని ముద్దుపేరు పెట్టింది. ఆ రేవు మీది కాలేజీయే పెరిగి ఇవాళ్టి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం, షికాగో అయింది. శాక్రమెంటో, లాంగ్ బీచ్ రాష్ట్ర కాలేజీలు కూడా ఆ మూడు నాలుగేళ్ళలో పుట్టినవే. మన పిల్లలు ఎం.ఎస్. కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు రాసుకునే పేర్లు ఇవి. ఆ గదులు మొదట ఎవరికోసం తెరిచారో ఒకసారి తలుచుకోవాలి.

సరిగ్గా ఆ 1946లోనే మన దగ్గర ఇంకో ముచ్చట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాక ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. వాల్తేరు భవనాల్లో సైన్యం దిగింది. 1946లో విశ్వవిద్యాలయం తిరిగి వాల్తేరు చేరింది. అక్కడ సైన్యపు రేవు కాలేజీ అయితే, ఇక్కడ సైన్యం ఖాళీ చేసిన కాలేజీ మళ్ళీ కాలేజీ అయింది. అయితే పాతిక లక్షల భారత సైన్యంలోంచి తెలుగు పల్లెలకు తిరిగొచ్చిన జవానుకు నెలకు నెల చదువు కొలిచి ఇచ్చే చట్టం లేదు. యుద్ధం చేయించుకున్న ప్రభుత్వం మరుసటి ఏడాదే దేశం వదిలి వెళ్ళిపోయింది.

1949 బ్యాచ్

ఆ విద్యార్థులు పట్టాలు పుచ్చుకునే రోజు వచ్చింది. 1940లో అమెరికాలో బి.ఏ. స్థాయి పట్టాలు పొందినవాళ్ళు లక్షా 86 వేలు. 1950లో 4 లక్షల 32 వేలు. 1949 జూన్‌లో ఫార్చ్యూన్ పత్రిక ఆ ఏటి పట్టభద్రులను కదిలించి, మీ భవిష్యత్తు ఏమిటని అడిగింది. సొంత వ్యాపారం పెడతామన్నవాళ్ళు నూటికి ఇద్దరు. మిగతావాళ్ళలో చాలామందికి కావలసింది పెద్ద కంపెనీలో స్థిరమైన ఉద్యోగం, ఇల్లు, కుటుంబం. పత్రిక నివ్వెరపోయింది. యుద్ధం గెలిచినవాళ్ళు ఇంత జాగ్రత్తపరులేమిటి? ఆ పత్రికలోనే పనిచేస్తున్న విలియం వైట్ ఈ ధోరణి మీద 1956లో ‘ది ఆర్గనైజేషన్ మాన్’ అనే పేరుమోసిన పుస్తకం రాశాడు. ఆయనా గ్వాడల్‌కెనాల్‌లో పోరాడి వచ్చిన మెరైనే.

నేను ఆ కుర్రాళ్ళ పక్షం. వాళ్ళు పుట్టింది 1920ల్లో. పదేళ్ళ వయసులో నాన్న ఉద్యోగం పోవడం, బాంకు తలుపులు మూసుకోవడం చూశారు. ఇరవై నిండీ నిండకుండానే యుద్ధం. పట్టా చేతికొచ్చిన 1949లో మళ్ళీ మాంద్యం, అది ఆ అక్టోబరు దాకా సాగింది. సాహసం అంటే ఏమిటో పుస్తకాల్లో చదవవలసిన అవసరం వాళ్ళకు లేదు. చల్లకొచ్చి ముంత దాచకుండా, మాకు కుదురు కావాలని చెప్పారు. మన ఇళ్ళలో అడుగుతాం చూడండి, ‘అబ్బాయి కుదురుకున్నాడా?’ అని. కుండ కింద పెట్టే గడ్డి చుట్టనూ కుదురనే అంటాం. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దాని మీదే నిలబడుతుంది. కుదురు కోరిన కుండను పిరికిదని ఎవరంటారు?

ఇద్దరు మనుషులు

హవాయికి చెందిన డేనియల్ ఇనౌయేకి సర్జన్ కావాలని కోరిక. 1945 ఏప్రిల్‌లో ఇటలీలో కుడిచెయ్యి పోయింది. ఇరవై నెలలు ఆస్పత్రుల్లో గడిపాడు. కత్తి పట్టే చెయ్యి లేదు. జి.ఐ. బిల్లు మీద హవాయి విశ్వవిద్యాలయంలో రాజకీయశాస్త్రం, అర్థశాస్త్రం చదివి 1950లో పట్టా, ఆ తర్వాత న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నాడు. 1959లో హవాయి రాష్ట్రం కాగానే అమెరికా కాంగ్రెస్‌కు, 1963 నుంచి సెనేట్‌కు. 2012లో చనిపోయేదాకా సెనేటరే. ముందే ఒక కోర్సు పేరు రాసిచ్చి అదే చదవమని ఉంటే ఈ మనిషి ఏమయ్యేవాడు?

మిసిసిపీకి చెందిన మెడ్గర్ ఎవర్స్ నల్లజాతివాడు. నార్మండీ దాకా వెళ్ళొచ్చాడు. 1946లో ఓటు వెయ్యబోతే ఆయుధాలు పట్టుకున్న తెల్లవాళ్ళు తిప్పి పంపారు. ఆల్కార్న్ అనే నల్లవాళ్ళ కాలేజీలో 1952లో పట్టా పుచ్చుకుని, బీమా పాలసీలు అమ్మాడు. 1954లో మిసిసిపీ విశ్వవిద్యాలయం లా కోర్సుకు దరఖాస్తు పెడితే చేర్చుకోలేదు. అక్కణ్ణుంచి పౌరహక్కుల ఉద్యమమే ఆయన ఉద్యోగమైంది. 1963 జూన్ 12న ఇంటి ముందే కాల్చి చంపారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. చట్టం కాగితం మీద రంగు చూడలేదు. అమలు మాత్రం స్థానిక అధికారి చేతిలో, బాంకు మేనేజరు చేతిలో, కాలేజీ గేటు దగ్గర ఉండిపోయింది. దక్షిణాది తెల్ల కాలేజీలు నల్లవాళ్ళను రానివ్వలేదు, నల్లవాళ్ళ కాలేజీల్లో చోటు చాలలేదు. ఆడవాళ్ళ సంగతీ చూడండి. 1940లో పట్టభద్రుల్లో నూటికి 41 మంది స్త్రీలు, 1950లో 24 మంది. వాళ్ళ సంఖ్య పెరిగింది, వాటా పడిపోయింది. సైనికుడి నెలలు లెక్కగట్టిన దేశం, ఆ ఏళ్ళలో కర్మాగారాల్లో పనిచేసిన ఆడవాళ్ళ నెలలు లెక్కగట్టలేదు.

మన వాకిట్లో

మనకిప్పుడు ప్రపంచ యుద్ధం లేదు. అయినా 2022లో ప్రకటించిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం కింద తొలి అగ్నివీరులు 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్ళారు. నాలుగేళ్ళ సేవ. ఆ తర్వాత సైన్యంలో కొనసాగేది నూటికి పాతిక మంది దాకానే అన్నది పథకంలోని మాట. మిగతావాళ్ళు పాతికేళ్ళు అటూ ఇటూగా ఉన్న వయసులో సేవానిధి సొమ్ముతో ఇంటికొస్తారు. సైనిక శిక్షణనే సగం క్రెడిట్లుగా లెక్కించే డిగ్రీని వాళ్ళకోసం ఇగ్నో ప్రకటించింది. మంచిదే. అయితే సొమ్ము బోనస్ లాంటిది, ఖర్చయిపోతుంది. వాళ్ళ నెలలను ఏ కాలేజీ లెక్కలోకి తీసుకుంటుంది, తమకిష్టమైన చదువులోకి ఏ గేటు తెరుచుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న.

మొదట చెప్పిన హవల్దారు గారి మాటతో ముగిస్తాను. దరఖాస్తు పట్టుకుని నేను చదివిన కాలేజీ కౌంటరు దగ్గర నిలబడితే, గుమస్తా తలెత్తి చూసి, “అబ్బాయి ఏడండీ?” అని అడిగాడట. ఆయన నవ్వుతూనే చెప్పేవారు, మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. ప్రిన్సిపాల్ గారికి, ఆఫీసు సిబ్బందికి, రేపు అధ్యాపకులయ్యే ఈ పిల్లలకు నేను విన్నవించుకునేది ఒకటే. అలాంటి మనిషి మీ కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు అబ్బాయి ఏడని అడక్కండి. ఏం చదువుతారని అడగండి.