ముట్టుకోకుండానే వేగాన్ని కొలవడం



వేగం తెలియాలంటే దూరం, కాలం తెలియాలని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. మరి మనం చేరలేని చోట, అంటే తుపాను మేఘాల్లో వీచే గాలికో, చంద్రుడి మీదికి దిగుతున్న నౌకకో, మరో గెలాక్సీకో వేగాన్ని ఎలా లెక్కకట్టాలి? ఈనాటి పాఠంలో ఆ పద్ధతినీ, దానికున్న ఒక హద్దునూ తెలుసుకుందాం.

ముందుగా ధ్వనిని తీసుకుందాం. ఆగకుండా వెళ్ళిపోయే రైలు కూత మన దగ్గరికి వస్తున్నప్పుడు కీచుగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది. రైలు కదులుతూ కూత వేస్తుంది కనుక తరంగాలు ముందువైపు దగ్గర దగ్గరగా, వెనకవైపు ఎడంగా ఏర్పడతాయి. కూత పౌనఃపున్యం 400 హెర్ట్జ్, రైలు వేగం సెకనుకు 20 మీటర్లు, ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకోండి. వచ్చేటప్పుడు 425 హెర్ట్జ్, పోయేటప్పుడు సుమారు 378 హెర్ట్జ్ వినిపిస్తుంది. ఈ మార్పులోనే రైలు వేగం దాగి ఉంది.

ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రాన్ని ప్రకటించాడు. ఆయన దృష్టి నిజానికి నక్షత్రాల కాంతి మీద ఉంది. కాంతికీ ఇది వర్తిస్తుందనడానికి మంచి ఉదాహరణ ఆండ్రోమెడా గెలాక్సీ. 1912లో వెస్టో స్లైఫర్ దాని వర్ణపటంలోని రేఖలు నీలం వైపు జరిగి ఉన్నాయని గమనించి, అది సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోందని లెక్కగట్టాడు. అంటే కాంతి వేగంలో వెయ్యో వంతు!

తానుగా తరంగాలను వెలువరించని వస్తువు మీదికి మనమే తరంగాన్ని పంపుతాం. రహదారి మీద పోలీసులు వాడే రాడార్ గన్ చేసే పని ఇదే. 24 గిగాహెర్ట్జ్ తరంగం, గంటకు 108 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వస్తున్న కారును తాకి తిరిగి వస్తే, దాని పౌనఃపున్యం సుమారు 4,800 హెర్ట్జ్ పెరుగుతుంది. అందుకునేటప్పుడు ఒకసారి, తిప్పి పంపేటప్పుడు మరొకసారి మార్పు వస్తుంది కనుక ఇది రెట్టింపు. 2,400 కోట్లలో 4,800 తేడాను ఎలా పట్టుకుంటారు? పంపిన తరంగాన్నీ తిరిగి వచ్చిన దాన్నీ కలుపుతారు. అప్పుడు ఏర్పడే విస్పందనాల సంఖ్యే ఆ తేడా.

ఇక హద్దు సంగతి. ఈ పద్ధతి మన చూపు రేఖ వెంట ఉన్న వేగాంశాన్ని మాత్రమే చెబుతుంది. అదే కారు ఆ రేఖకు 60 డిగ్రీల కోణంలో వెళుతుంటే రాడార్ 54 అనే చూపిస్తుంది. సరిగ్గా అడ్డంగా వెళితే సున్నా!

మచిలీపట్నం, విశాఖపట్నం తీరాల్లోని డాప్లర్ వాతావరణ రాడార్లు వాన చినుకుల నుంచి తిరిగి వచ్చే తరంగాలతో గాలి వేగాన్ని కొలుస్తాయి. తుపాను గాలి సుడి తిరుగుతుంది కాబట్టి, ఒక పక్క గాలి రాడార్ వైపు వస్తుంది, మరో పక్క దూరంగా పోతుంది. మధ్యలో ఎక్కడో వేగం సున్నాగా కనిపిస్తుంది. దాన్ని చూసి అక్కడ గాలి లేదనుకుంటే ప్రమాదం. గాలి అక్కడ కిరణానికి అడ్డంగా వీస్తోందని అర్థం.

అడ్డంగా ఉన్న వేగం కూడా కావాలంటే వేర్వేరు దిశల నుంచి కొలవాలి. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 ల్యాండర్‌లో లేజర్ డాప్లర్ వెలాసిటీ మీటర్‌ను అమర్చింది మూడు అక్షాల వెంట వేగాన్ని తెలుసుకోవడానికే. కిందికి దిగే వేగం ఒక్కటే తెలిసి, పక్కకు జరిగే వేగం తెలియకపోతే నౌక ఒరిగిపోవచ్చు.

పరికరం సున్నా చూపినప్పుడు వస్తువు ఆగిందా, అడ్డంగా పోతోందా అని అడగడం అలవాటు చేసుకోండి. సెలవు.